కాగితం చూసి చదివిన కవులు

యుద్ధం ఇంకా నడుస్తున్న ఆ రోజుల్లో మా అనకాపల్లిలో కవి అనిపించుకోవడం అంత సులువు కాదు. పుస్తకాలు అచ్చు వేయించుకున్నంత మాత్రాన ఎవరూ కవి అనేవారు కారు; అచ్చుకేముంది, పంచాంగాలూ అచ్చవుతాయి అనేవారు. కవి అయినవాడు సభలో నిలబడాలి. చుట్టూ కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన పొంతన లేని నాలుగు మాటలిచ్చి వీటితో పద్యం చెప్పమనాలి, ఇంకొకాయన అర్థం లేని ఆఖరి పాదం ఇచ్చి పై మూడు పాదాలూ పూర్తి చెయ్యమనాలి, మరొకాయన మధ్యమధ్య తన ఇష్టం వచ్చినప్పుడల్లా గంట కొడుతూ ఉండాలి, అంతా అయ్యాక మొత్తం ఎన్ని గంటలో కవి లెక్క తప్పకుండా చెప్పాలి. చేతిలో చీటీ ముక్క కూడా ఉండకూడదు. ఇదంతా చేసినవాడికి శాలువా, చెయ్యలేనివాడికి సాయంత్రం పాసింజరు బండి. అవధానమంటే అంత పిచ్చి మా వాళ్ళకి. అలాంటి ఊరికి ఇద్దరు ఐర్లండు కవులు వచ్చి, జేబుల్లోంచి కాగితాలు తీసి, మా కవిత్వం చదువుతాం వినండి అన్నారు. ఆ సభకి దుబాసీని నేను. (ఈ మాట రాస్తుంటే ఉయ్యాల్లో మా అమ్మాయి దగ్గింది. లేచి చూసి వచ్చేను. ఏం లేదు, నిద్దట్లోనే. సాయంత్రం కూడా ఒకసారి దగ్గింది కాని అది పాలు పొలమారి. మీరు కంగారు పడకండి. నేను పడుతున్నాను కదా, చాలు.)

మా ఇంట్లో బెల్లం వ్యవహారాలు నాన్నవి, సాహిత్య వ్యవహారాలు పెదనాన్నవి. ఇద్దరిదీ ఒకటే మండీ. నాన్న కాటా దగ్గర నిలబడి రైతులతో బేరాలాడుతుంటే, పెదనాన్న గల్లాపెట్టె పక్కన కూర్చుని రాగం తీసి పద్యాలు చదువుతుండేవాడు. ఊళ్ళో ఏ అవధానం జరిగినా కార్యదర్శి ఆయనే. ఒకనాడు ఆయన విశాఖపట్నం నుంచి రైల్లో వస్తుంటే ఎదుటి బల్ల మీద ఇద్దరు తెల్లవాళ్ళు కాగితాలు పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించుకుంటూ, మధ్యమధ్య పోట్లాడుకుంటూ కనిపించేరట. ఒకాయన తాటిచెట్టంత పొడుగు, పటాలంలో డాక్టరు. రెండో ఆయన పొట్టి, ఎర్ర గడ్డం, ఓడరేవులో ఇంజినీరు. తగువేమిటని పెదనాన్న అడిగితే, "ఇద్దరం కవులం, మాకిది మామూలే" అన్నారట. ఆ మాట చాలు ఆయనకి. బండి అనకాపల్లిలో ఆగేసరికి సభ ఖాయం చేసుకుని దిగేడు.

"దొరల్ని పిలిచి సభ పెడతావేటి అన్నయ్యా? రేపు ఖద్దరోళ్ళంతా మన మండీ ముందు బైఠాయిస్తారు," అన్నాడు నాన్న.

"దొరలు కార్రా, ఐర్లండోళ్ళు. మనకన్నా ముందు దొరల్తో తగువేసుకున్నోళ్ళు."

"మరి దొరల పటాలంలో ఏం చేత్తన్నాడు ఆ పొడుగాయన?"

"మనవాళ్ళు లేరేటి పటాలంలో? నోరు మూసుకుని మండీ ఖాళీ చేయించు. సభ అక్కడే."

అప్పుడే పెదనాన్న నా సంగతి కూడా తేల్చేసేడు. నేను విశాఖపట్నంలో ఇంటరు పూర్తి చేసేసరికి అక్కడ బాంబులు పడ్డాయి, ఊరంతా పెట్టే బేడా సర్దుకుని పరిగెత్తింది, నేనూ ఇంటికొచ్చి పడ్డాను. కాకినాడలో మా మేనత్త ఇంట్లో ఉండి బి.ఏ. చదవాలని నా ఆశ. నాన్న కాదనలేదు. "చూద్దాం" అన్నాడు. మా నాన్న బేరంలో "చూద్దాం" అంటే రైతు బండి తోలుకుని ఇంటికెళ్ళిపోవచ్చునని అర్థం. నెలల తరబడి ఆ "చూద్దాం" పట్టుకుని నేను వేలాడుతున్నాను. పెదనాన్న అన్నాడు: "ఒరేయ్, సభలో మన గుంటే దుబాసీ. ఆళ్ళు ఇంగ్లీషులో సదివింది తెలుగులో చెప్తాది. నలుగురూ బాగుందంటే కాకినాడ పంపించు. బాగులేదంటే నేనింక చచ్చినా ఆ మాట ఎత్తను." నాన్న చాలాసేపు కాటా రాళ్ళు సర్ది, "సరే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంక తిరుగులేదు, ఎటైనా సరే. మా మామ్మ ఒక్కర్తే అడ్డుపడింది. మగాళ్ళ సభలో ఆడపిల్లేటి అని కాదు. "వంగపండు రంగు పట్టుచీర కడితేనే ఎళ్ళమను, నూలు చీరతో నిలబడితే మన మండీ దివాలా తీసిందనుకుంటారు" అని.

కవులు చదవబోయే పద్యాల నకళ్ళు ముందుగానే టపాలో వచ్చేయి. వాటిని చూసి నాకు మతిపోయింది. ఇంటరులో నేను చదివిన ఇంగ్లీషు కవులందరూ చచ్చిపోయినవాళ్ళే. వాళ్ళ పేర్ల పక్కన రెండేసి సంవత్సరాలు ఉండేవి, పరీక్షలో రాయడానికి వీలుగా. బతికున్న కవి పద్యం, అందులోనూ నాకు అర్థమయ్యే మాటల్లో! ఒకటి రాళ్ళ గోడ కట్టిన పొలం గురించి, ఒకటి గాడిద గురించి, ఒకటి బంగాళాదుంపల గురించి. ఇంత మామూలు సంగతులు సభలో చెబితే నా చదువేం కనపడుతుంది? అందుకని నిఘంటువు దగ్గర పెట్టుకుని, రాళ్ళ గోడని "శిలాప్రాకార"మనీ, పొలాన్ని "కేదార"మనీ, గాడిదని "గార్దభోత్తమ"మనీ మార్చి, కష్టపడి బట్టీ పట్టేను. ఆ గాడిదకి ఉత్తమత్వం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

నేనిలా గాడిదకి అలంకారాలు చేస్తుంటే పెదనాన్న సభకి అలంకారాలు చేసేడు. నాతో ఒక్క మాట అనలేదు, ఆ కవులతోనూ అనలేదు. అనవలసిన అవసరం ఉందని ఆయనకి తోచి ఉండదు. కవుల సభ అన్నాక పృచ్ఛకులు ఉండరా? పెళ్ళి అన్నాక మంగళసూత్రం ఉంటుందని శుభలేఖలో రాస్తామా? నాలుగు మాటలివ్వడానికి ఒక ప్లీడరుగారు, ఆఖరి పాదమివ్వడానికి స్టేషను మాస్టారు, గంట కొట్టడానికి పాకం మామ. పాకం మామ నాన్న స్నేహితుడు. వేలు ముంచి పాకం ముదురు చెప్పగలడని బజారంతా ఆయన్ని అలా పిలిచేవారు. ఏ అవధానంలోనైనా గంట ఆయనదే. హేమాహేమీల్లాంటి అవధానుల్ని కూడా తన గంటతో తికమక పెట్టేనని ఆయనకి గొప్ప.

సభనాడు మండీ అంతా కడిగించి చాపలు పరిచేరు. ఎంత కడిగినా బెల్లం వాసన పోదు, ఈగలు పోవు. అమ్ముడుపోని దిమ్మల్ని గోడవారగా పేర్చి పైన జంపఖానా కప్పి, ఆడవాళ్ళకి అదే అడ్డు అన్నారు. రైలు దిగిన కవులిద్దరికీ మర్యాద కోసం జీళ్ళు పెట్టేరు. బెల్లప్పాకం సాగదీసి నువ్వులద్దిన మా ఊరి జీళ్ళు పళ్ళకి పట్టుకుంటే అంత తొందరగా వదలవు. ఆ సంగతి తెలియక పొడుగాయన రెండు ఒక్కసారే వేసుకున్నాడు. పెదనాన్న స్వాగతం చెప్పినంతసేపూ ఆయన నోరు తెరవలేక చేతులు జోడిస్తూనే ఉన్నాడు. "ఎంత వినయమో!" అని జనం మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం మాకు దక్కిన మొదటి మెప్పు అదే. చాలాసేపటి వరకు ఆఖరిది కూడా అదే.

జీడి కరిగేక పొడుగాయన లేచి, జేబులోంచి కాగితం తీసేడు. సభలో గుసగుస మొదలైంది. "కాయితం తీసేడేటి?" "కళ్ళజోడెట్టుకుంతన్నాడు, సూడు." వెనక వరసలోంచి ఒకాయన గట్టిగానే అన్నాడు: "కాయితం సూసి సదవడానికి కవెందుకు మామా? మన కరణంగారు సదవలేరేటి?" పొడుగాయనకి ఇదేం తెలియదు. రాళ్ళ గోడ పద్యం ఎత్తుకున్నాడు. రాగం లేదు, చెయ్యెత్తడం లేదు. పక్కనున్నవాడికి కబురు చెబుతున్నట్టు మెల్లిగా చదువుతున్నాడు. రెండు పాదాలయ్యాయో లేదో పాకం మామ గంట కొట్టేడు. టంగ్! పొడుగాయన ఆగేడు. గంటవైపు చూసేడు, నావైపు చూసేడు, మర్యాదగా తల వంచి కూర్చున్నాడు. వెంటనే గడ్డమాయన లేచి తన కాగితం తీసేడు. ఆయనా రెండు పాదాలు చదివేడు. టంగ్! ఆయన కూర్చున్నాడు. పొడుగాయన లేచేడు. టంగ్! పొడుగాయన కూర్చున్నాడు. ఈ దేశంలో కవికి ఇంతే వేళ ఇస్తారు కాబోలు, పాపం జనం ఎక్కువ, కవులు ఎక్కువ, అనుకున్నారట ఇద్దరూ. గాడిద సగంలో నిలిచిపోయింది. దుంపలు పొయ్యి ఎక్కనేలేదు. నేను మధ్యలో నిలబడి ఆ ముక్కలనే శిలాప్రాకారాలూ గార్దభోత్తమాలూ చేసి అప్పజెబుతున్నాను. పాకం మామకి మాత్రం పట్టరాని సంతోషం. గంట కొట్టగానే ఠకాలున కూలబడిపోయే కవి ఆయనకి జన్మలో దొరకలేదు.

"ఆళ్ళు లేత్తన్నారు, కూకుంతన్నారు, ఈ గుంట ఏదో మంత్రాలు సదువుతోంది. ఏటి బావా, ఎవరి తద్దినం?" అన్నారు వెనక. నవ్వులు. ముందు వరసలో కూర్చున్న నాన్న వైపు చూసేను. నాన్నకో అలవాటుంది. బేరం పొసగలేదని తోస్తే నోటితో చెప్పడు, కుడి భుజం మీది కండువా తీసి ఎడమ భుజం మీద వేసుకుంటాడు. చూసిన రైతు ఎడ్లు కట్టుకుంటాడు. ఆ కండువా కుడి భుజం మీంచి లేచింది. నాకు మండీ కనపడలేదు, సభ కనపడలేదు. సామర్లకోటలో నేనెక్కవలసిన కాకినాడ బండి నన్ను వదిలేసి వెళ్ళిపోవడం కనపడింది.

ఆ తర్వాత జరిగింది ఎవరో చేసినట్టే ఉంటుంది నాకు. ఉన్నచోట నుంచి విసవిసా నడిచి వెళ్ళి, పాకం మామ ఎత్తిన గంట నాలుకని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. (పట్టుచీర కుచ్చెళ్ళు తొక్కుకుని పడబోయి, నిలదొక్కుకోవడానికే పట్టుకున్నానని మా మామ్మ తర్వాత ఊరంతా చెప్పింది. అదీ కొంత నిజమే.)

"ఆపండి మామా. మీరు గంట కొట్టిన ప్రతిసారీ, ఇంక చాలు కూర్చోమంటున్నారని వాళ్ళు కూర్చుంటున్నారు."

 బెల్లం దిమ్మల వెనకనుంచి ఆడవాళ్ళ నవ్వు మొదలై ముందు వరస దాకా వచ్చేసింది. పాకం మామ ముఖం ఎర్రబడింది. "కూకోమని ఎవరన్నారు? గంటలు లెక్కెట్టుకోవాలి గాని కూకోడమేటి? కవులే అయితే ఎన్ని కొట్టేనో సెప్పమను!"

నేను కవుల వైపు తిరిగి, అవధానమంటే ఏమిటో, గంటెందుకో, కాగితం ఎందుకు కూడదో గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పేసేను. నేను బట్టీ పట్టకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. పొడుగాయన నోరు తెరిచి, ఈసారి జీడి లేదు కనక, పగలబడి నవ్వేడు. గడ్డమాయన మాత్రం నవ్వలేదు. మోకాళ్ళు రెండూ నిమురుకుంటూ, "పదిహేడు" అన్నాడు.

పాకం మామ చేతిలో గంట వాలిపోయింది. "ఎలా సెప్పేడు?"

"లేచిన ప్రతిసారీ కూర్చున్న ప్రతిసారీ తన మోకాళ్ళు లెక్క పెట్టుకున్నాయంటున్నారు మామా."

పాకం మామ గంట కింద పెట్టి, చప్పట్లు కొట్టేడు. ఆయన కొట్టేక ఊరు కొట్టకుండా ఉంటుందా? పెదనాన్న ఒళ్ళో ఉన్న శాలువా అప్పుడే కప్పబోయేడు. "ఉండండి, నా మాటలు మిగిలిపోయేయి," అని ప్లీడరుగారు లేచి, గొప్ప చిక్కుముడి వేస్తున్నట్టు మీసం దువ్వుకుని, "బెల్లం, గొడుగు, రైలు, అత్తగారు" అన్నారు. నేను వాటిని ఇంగ్లీషులో చెప్పేను. పొడుగాయన కాగితాలన్నీ గడ్డమాయన చేతిలో పెట్టేసి, తమ తాతగారి రోజుల్లో చలిమంట చుట్టూ కూర్చుని ఇలాంటి పందేలే వేసుకునేవారని చెప్పి, కళ్ళు మూసుకున్నాడు. ఒక్కొక్క పాదమే ఆలోచించుకుంటూ చెప్పేడు. నిఘంటువు ఇంట్లో ఉండిపోయింది కనక, నేను కూడా మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే చెప్పేను:

మా ఊరి వాన మా అత్తగారి లాంటిది,
రెండ్రోజులుండి పోతానని వచ్చి ఏడాదంతా ఉంటుంది.
ఆవిడకి జడిసి గొడుగేసుకుని రైలెక్కేను,
లోకం చివరి స్టేషను దాకా వచ్చేను.
దిగీ దిగగానే నోట్లో బెల్లం పెట్టేరు.
ఇంక నేనెక్కడికీ కదలను.
రైలుకి చెప్పండి నన్ను వదిలి పొమ్మని,
మా అత్తగారికి మాత్రం చెప్పకండి, ఎక్కడున్నానో.

మండీ రేకులు లేచిపోయాయనుకున్నాను. "వన్స్ మోర్!" "వన్స్ మోర్!" మూడోసారి కూడా చెప్పించుకున్నారు. "అత్తగారు ఐర్లండులోనూ ఇంతేనేటి!" అని ఆడవాళ్ళవైపు నుంచి ఎవరో అన్నారు, ఇంకెవరో వాళ్ళ నోరు మూసేరు. యతీ లేదు ప్రాసా లేదు అని స్టేషను మాస్టారు గొణిగితే, "అత్తగారుంది కదా, ఇంకా ప్రాసెందుకు?" అన్నాడు పెదనాన్న.

ఆ నవ్వుల్లోంచి గడ్డమాయన మెల్లిగా లేచేడు. తనకి ఆశువుగా చెప్పడం రాదనీ, కాగితం చూసి చదువుకోనిమ్మనీ నన్ను అడగమన్నాడు. అడిగేను. "సదవమను, సదవమను," అన్నారు దయగా. ఆయన చదివినది నాకు పంపిన పద్యాల్లో లేదు. వాళ్ళ చెల్లెలి గురించి. పని వెతుక్కుంటూ సముద్రం దాటి వెళ్ళింది. వెళ్ళి ఏళ్ళయింది. వాళ్ళమ్మ రోజూ సాయంత్రం టీ కాచేటప్పుడు ఆ పిల్ల కప్పు కూడా తీసి బల్ల మీద పెడుతుంది, ఎవరూ చూడకుండా తిరిగి లోపల పెట్టేస్తుంది. అంతే పద్యం. నేను ఒక్కొక్క పాదం చెబుతుంటే మండీలో ఈగల చప్పుడు వినపడింది. మా వైపు పల్లెల్లో బర్మాకి, మా మాటలో రంగానికి, కూలికి వెళ్ళినవాళ్ళు లేని ఇల్లు ఏది? యుద్ధం వచ్చి ఆ రంగం దారి మూసుకుపోయింది. కొందరు అడవులు పడి నడిచి వచ్చేరు, కొందరి కబురే లేదు. దిమ్మల వెనకనుంచి మా మామ్మ గొంతు వినిపించింది: "పిల్ల ఉత్తరం రాసిందేమో అడగవే." అడిగేను. గడ్డమాయన తల అడ్డంగా ఊపి, "రాస్తుంది" అన్నాడు. "రాత్తాది, రాత్తాది," అంది మామ్మ, ఆ చెల్లెలు తనకి తెలుసున్నట్టు. మొదట్లో కరణంగారి మాట ఎత్తిన వెనక వరస ఆయన కండువాతో ముక్కు తుడుచుకుని, "కాయితం సూసే సదవాలి బాబూ. ఇలాటిదాంట్లో ఓ మాట తప్పోతే బాగోదు," అన్నాడు. ఇద్దరికీ రెండు శాలువాలు కప్పేరు. జీళ్ళు ఇంకో పొట్లం కట్టి ఇచ్చేరు, ఈసారి ఒకటొకటిగా తినమని చెప్పి.

నాన్న కండువా ఏ భుజం మీదికి వెళ్ళిందో నేను చూసుకోలేదు.  మర్నాడు పొద్దున్న మండీకి బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుని, అమ్మతో అన్నాడు: "కాకినాడలో నీళ్ళు పడతాయేటి దీనికి? అక్కయ్యకి ఉత్తరం రాసి అడుగు. నూతినీళ్ళేనా, కుళాయా? మరగబెట్టి ఇత్తారా?" అమ్మ నా వైపు చూసింది. నేను అక్కడే ఎగిరి గంతేసేను. ఆయన చూడనట్టు వెళ్ళిపోయేడు.

నేను వెళ్ళిన రోజు ఆయన స్టేషనుకి వచ్చి, బండి వచ్చేదాకా ఒక్కటే అప్పగింతలు. సామర్లకోటలో దిగేటప్పుడు పెట్టె చూసుకో. ఎవరేం పెట్టినా తినకు. తలుపు దగ్గర నిలబడకు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. పక్కనున్నవాళ్ళంతా వింటున్నారని నాకు తల కొట్టేసినట్టయింది. సభలో అంతమంది ముందు మాట్లాడినదాన్ని, నాకు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదా? బండి కదిలింది. ఆయన దానితో పాటు నడుస్తూ, తర్వాత పరిగెడుతూ, "అమ్మడూ, చెయ్యి! చెయ్యి లోపలికి!" అంటున్నాడు. నేను నవ్వుతూ మోచెయ్యి దాకా ఉన్నదాన్ని భుజం దాకా బయట పెట్టి ఊపేను. ఆయన కనపడటం మానేసేక కూడా, శారదానది వంతెన వచ్చేదాకా ఊపుతూనే ఉన్నాను. ఆ పట్టుచీర పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. దానికి ఎంత సంతోషమో, దేనికీ భయం లేదు. కాని అన్నిటికంటే ముందు నా గుండె గుభేలుమంటుంది. ఆ వంతెన ఇనప కమ్ములు కిటికీ పక్కనుంచి ఎంత దగ్గరగా పోతాయో నాకిప్పుడు తెలుసు. ఆ బండిలో ఎవరైనా ఉంటే కాస్త చెప్పండమ్మా దానికి, చెయ్యి లోపలికి తీసుకోమని.